ఊరందరి కొలతలూ తీస్తాను, నా ఒంటికి టేపు పెట్టుకోలేను

కోనసీమలోని ఒక పల్లె నుంచి కార్తీకమాసంలో వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని రాసినామె కోరారు. వయసు 34. ఇంటి వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు, ఒకమ్మాయికి పని కూడా నేర్పుతున్నారు. భర్త కువైట్‌లో డ్రైవరు. బాబుకి ఆరు నెలలప్పుడు వచ్చి చూసి వెళ్ళారు. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, పాపకి తొమ్మిది. ఈ సంక్రాంతికి ఆయన రెండు నెలల సెలవు మీద వస్తున్నారు. ఇల్లంతా ఆ సంబరంలో ఉంటే ఈమెకి మాత్రం నిద్ర పట్టడం లేదు.

"పెళ్ళినాటికి 52 కిలోలు ఉండేదాన్ని. పాప పుట్టాక 60కి వచ్చాను. బాబు కడుపులో ఉండగా షుగర్ అన్నారు, ఆపరేషన్ చేసి తీశారు. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోలేదు. ఇప్పుడు 81. ప్రతి శుక్రవారం ఆయనకి సెలవు, వీడియో కాల్ చేస్తారు. ఫోను కిటికీ చువ్వకి ఆనించి, నా కళ్ళూ నుదురూ మాత్రమే కనపడేట్టు పెట్టి మాట్లాడతాను. 'ఫోను కొంచెం దూరం పెట్టవే, నీ మొహం మొత్తం కనపడట్లేదు' అని ఒకసారి ఆయన అంటే సిగ్నల్ లేదని కట్ చేసేశాను. ఆ రాత్రంతా ఏడ్చాను" అని రాశారు.

ఆడపడుచు గృహప్రవేశంలో అందరి ముందూ "వదినా, ఎయిర్‌పోర్టులో అన్నయ్య నిన్ను గుర్తుపడతాడంటావా?" అన్నదట. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వారు. అత్తగారైతే "మా వాడి పక్కన నిలబడితే అక్కలా ఉంటావు" అని నెలకొకసారైనా అంటారట. పెద్దమ్మ కూతురి పెళ్ళికి ఆర్డర్లు ఎక్కువున్నాయని వెళ్ళలేదు. జాకెట్లు తొడిగి చూసుకునేవాళ్ళ కోసం పెట్టిన నిలువుటద్దానికి దుప్పటి కప్పి ఉంచుతారు. వచ్చినవాళ్ళు తీసి చూసుకుని మళ్ళీ కప్పేస్తారు.

వినాయకచవితి వెళ్ళిన దగ్గర్నుంచి పొద్దున్న ఎవరో అమ్మిన బరువు తగ్గించే పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు పెరుగన్నం. రాత్రి ఏమీ తినకూడదనుకుంటారు. పిల్లలు పడుకున్నాక పదకొండింటికి వంటింట్లో లైటు వేసుకోకుండా, పొయ్యి దగ్గర నిలబడి, మిగిలిన అన్నం ఆవకాయతో తినేస్తారు. తర్వాత పిల్లల బిస్కెట్ డబ్బా. రెండుసార్లు గొంతులో వేలు పెట్టుకుని కక్కేశానని రాశారు. మిషను మీద కళ్ళు తిరిగి సూది వేలిలో దిగింది. జుట్టు గుప్పెళ్ళతో ఊడుతోంది.

ఉత్తరం చివర్లో రెండు మాటలున్నాయి. మొన్న పాప రెండో ఇడ్లీ పక్కకి తోసేసి "నాకొద్దు, నేనూ లావైపోతాను" అన్నదట. ఇంకోటి: "నిన్న బీరువాలో పాప మొదటి పుట్టినరోజు ఫోటో దొరికింది. అప్పుడు కూడా లావైపోయానని ఏడ్చి ఆ ఫోటోలు దాచేశాను. ఇప్పుడు చూస్తే ఎంత బాగున్నానో అనిపించింది. ఆయన వచ్చేలోగా పది కిలోలు తగ్గే మార్గం చెప్పండి. అది కుదరకపోతే నా ఒంటిని నేను అసహ్యించుకోకుండా బతికే మార్గమైనా చెప్పండి."

అమ్మా,

మీరు అడిగినవాటిలో రెండోదానికే నేను జవాబు రాస్తాను. సంక్రాంతిలోపు పది కిలోలు తగ్గే మార్గం చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు, మీకు పొడి అమ్మినవాళ్ళతో సహా. డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క వారానికి అరకిలో, మహా అయితే కిలో. అంతకంటే వేగంగా దించితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్ళు చేరే ప్రమాదం పెరుగుతుంది. జుట్టు ఊడటానికి కారణాలు చాలా ఉండవచ్చు గానీ, ఒంటికి ఆహారం హఠాత్తుగా తగ్గిన రెండు మూడు నెలలకి ఇలా ఊడటం బాగా తెలిసిన విషయమే. చవితి నుంచి లెక్కపెడితే మీకు సరిగ్గా ఆ సమయం వచ్చింది.

అన్నిటికంటే ముందు మాట్లాడాల్సింది ఆ రెండు రాత్రుల గురించి. మిగతా విషయాల్లో ఇదైనా చేయవచ్చు, అదైనా చేయవచ్చు అని రాయబోతున్నాను గానీ ఇందులో అలా రాయను. వేలు పెట్టి కక్కుకోవడం అలవాటైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, దాంతో గుండె లయ దెబ్బతినవచ్చు. కడుపులోని ఆమ్లం పళ్ళ మీది పింగాణీని తినేస్తుంది. రెండుసార్ల దగ్గర ఆగినప్పుడే డాక్టరుకు చెప్పాలి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "నీరసంగా ఉంది" అని ఊరుకోకుండా, నాకు రాసిన మాటలే చెప్పండి: పగలు తినడం లేదు, రాత్రి ఆపుకోలేక తింటున్నాను, రెండుసార్లు కక్కాను. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాకపోతే ముందు 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పదకొండింటికి కూడా ఎత్తుతారు.

ఆ రాత్రి తిండి గురించి మీరు "నాకు నిగ్రహం లేదు, సిగ్గు లేదు" అని రాశారు. అది నేను ఒప్పుకోను. పొద్దున్నించీ మిషను తొక్కి, ఇద్దరు పిల్లల్ని చూసుకుని, నాలుగు ముద్దల మీద నిలబడిన ఒళ్ళు రాత్రికి అన్నం అడక్క ఏం చేస్తుంది? పగలు కడుపు మాడ్చినవాళ్ళకి రాత్రి తిండి మీదకి మనసు పరిగెత్తడం శరీరం తన్ను తాను కాపాడుకునే పద్ధతి. మీరు మర్నాడు ఇంకా తక్కువ తింటారు, ఆ రాత్రి ఆకలి ఇంకా ఎక్కువవుతుంది. ఈ చక్రాన్ని రాత్రి పూట ఆపలేరు, పొద్దున్నే ఆపాలి. పొద్దున్న కడుపునిండా టిఫిను తినండి. మొదటి వారం భయమేస్తుంది, తూకం ఒక కిలో పెరిగినా పెరగవచ్చు. అయినా రాత్రి పదకొండింటి ఆకలి సాధారణంగా అక్కడే మెత్తబడుతుంది.

ఇప్పుడు అసలు ముడి. మీ ఉత్తరంలో ఆరోగ్యం, సిగ్గు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. బాబు కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందని రాశారు, ఆడపడుచు అన్న మాటా రాశారు. మొదటిది నిజంగా పట్టించుకోవలసిన విషయం, దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. రెండోదానికి రెండు పేజీలు పట్టింది. సిగ్గు చేసే పెద్ద అన్యాయం ఇదే. అద్దానికి దుప్పటి కప్పినట్టే రక్తపరీక్ష కాగితం మీద కూడా కప్పేస్తుంది. "డాక్టరు దగ్గరికెళ్తే లావు గురించే తిడతారు" అని నాలుగేళ్ళుగా వెళ్ళలేదంటున్నారు.

అందుకే ఆరోగ్యాన్ని విడదీసి ఒక పక్కన పెడదాం. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ. కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో పరీక్ష చేయించుకోవాలి. మీది బాకీ పడిపోయింది. షుగర్, థైరాయిడ్, రక్తహీనత, బీపీ ఒకేసారి చూపించుకోండి. నడుము కొలత కూడా అడుగుతారు. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు, మీ టేపు లెక్కలో ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. ఆ అంకె పరీక్ష అవసరమా కాదా చెప్పడానికే. మీరెంత మంచి మనిషో, భర్త పక్కన నిలబడటానికి పనికొస్తారో లేదో అది చెప్పదు. బరువు తగ్గడం అవసరమని డాక్టరు అన్నా కూడా మధుమేహాన్ని దూరం పెట్టడానికి ఉన్న బరువులో 5 నుంచి 7 శాతం తగ్గినా గట్టి తేడా ఉంటుంది. మీకు అది నాలుగు నుంచి ఆరు కిలోలు, నెలల మీద. 52కి వెళ్ళమని ఎవరూ అడగడం లేదు, మీరు తప్ప.

తిండి సంగతి పెద్దగా చెప్పను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూరగాయలు, పప్పులు పెంచి, తెల్లన్నం వంటి ధాన్యం వాటా తగ్గించమంది. మీ ఊళ్ళో తోటకూర, కంద బచ్చలి, పనసపొట్టు, చేపలు దొరకనిదెక్కడ? పళ్ళెంలో అన్నం కుప్ప చిన్నది చేసి కూర కుప్ప పెద్దది చేయండి. అత్తగారు, పిల్లలు కూడా అదే తినాలి. మీకొక్కరికే వేరే పథ్యం అన్నమాట ఇంట్లో ఉండకూడదు. ఆ పొడి మానేయండి. సాయంత్రం కాలవగట్టు మీద నడక బాగుంటుంది. లావు కరిగించుకోవడానికని వెళ్తే నాలుగు రోజుల్లో మానేస్తారు. రోజంతా మిషను మీద వంగిన నడుము కోసం, గాలి కోసం వెళ్ళండి.

ఇక సిగ్గు. మీ వృత్తి గురించి రాసిన మూడు వాక్యాలు నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైనవిగా కనిపించాయి. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ మీ నోటుబుక్కులో ఉన్నాయన్నారు. అంటే ఆడవాళ్ళ శరీరాలు నిజంగా ఎలా ఉంటాయో ఆ ఊళ్ళో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక భుజం ఇంకో భుజం కంటే కిందకి ఉంటుందని మీకు తెలుసు. కుడిచేయి లావు ఎడమచేయి లావుకి సరిపోదని తెలుసు. మూడేళ్ళ కిందటి ఆది జాకెట్టు తెచ్చి "ఇదే కొలత" అని ఒకావిడ అంటే, మీరు మాట్లాడకుండా టేపు తీసి చంక కింద నుంచి చుట్టి, రెండంగుళాలు పెంచి రాసుకుంటారు. పెళ్ళికూతురి జాకెట్టు కుట్టేటప్పుడు పక్క కుట్ల లోపల గుడ్డ ఎక్కువ వదులుతారు. ఎందుకు? ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఒళ్ళు మారుతుందని మీకు తెలుసు కాబట్టి. ఆ మార్పుని మీరు ముందే లెక్కలో వేసుకుంటారు. ఆ పిల్లని తిట్టరు. కుట్టు విప్పి ఇచ్చేటప్పుడు మొహం చిట్లించరు. "ఒళ్ళన్నాక మారదా ఏంటండీ" అని వాళ్ళని మీరే ఊరడిస్తారట, మీరే రాశారు.

ఇంకొకటి కూడా మీరు గమనించే ఉంటారు. ఎవరొచ్చినా ఏదో ఒకటి దాచమంటారు. ఒకావిడ "చేతులు లావు, మోచేతిదాకా పెట్టు" అంటుంది. ఎముకలు కనపడేంత సన్నగా ఉన్నమ్మాయి "నాకు ఒంట్లో ఏం లేదక్కా, లైనింగ్ మందంగా వేయి" అంటుంది. మెడ కింద నలుపని వెనక మెడ పైకి పెట్టించుకునేవాళ్ళు, వీపు మీద మచ్చలని డీప్ నెక్ వద్దనేవాళ్ళు. 30 కొలత ఉన్నవాళ్ళకీ తృప్తి లేదు, 44 ఉన్నవాళ్ళకీ లేదు. ఆ నోటుబుక్కు తిరగేస్తే, బాధ అంగుళాల్లో లేదని మీకే తెలుస్తుంది. ఆ పుట్టినరోజు ఫోటో కూడా అదే చెబుతోంది. 60 కిలోల దగ్గర ఇదే ఏడుపు ఏడ్చారు. సిగ్గు అలాగే ఉండి బరువొక్కటే దిగితే, 71 దగ్గర నిలబడి 65 కోసం ఏడుస్తారు.

ఆ సిగ్గు మీలో పుట్టింది కాదు, బయట నుంచి వచ్చింది. మన తెలుగువాళ్ళు కూడా కూలీలుగా వెళ్ళి స్థిరపడిన ఫిజీ దీవుల్లో పుష్టిగా ఉన్న మనిషినే బాగా చూసుకుంటున్నవాళ్ళున్న మనిషి అనుకునేవారు. చిక్కిపోతే చుట్టాలు కంగారుపడేవారు. అక్కడ ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే అమెరికన్ పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మళ్ళీ ఒకసారి స్కూలు అమ్మాయిల్ని అడిగి చూశారు. బరువు తగ్గడానికి కక్కుకుంటున్నామని మొదట ఒక్కరూ చెప్పలేదు. మూడేళ్ళ తర్వాత 11 శాతం మంది చెప్పారు. నూటికి 74 మంది తాము మరీ లావుగా ఉన్నామని అప్పుడప్పుడైనా అనిపిస్తోందన్నారు. ఆ సర్వే చిన్నది, మొత్తం తప్పు టీవీదే అనడానికీ లేదు. కానీ మూడేళ్ళలో ఆ అమ్మాయిల ఎముకలు మారిపోలేదు కదా. వాళ్ళని వాళ్ళు చూసుకునే చూపు మారింది. మన గోదావరి జిల్లాల్లోనూ మీ అమ్మమ్మ తరంలో "చిక్కిపోయావేంటే, మీ అత్తారు అన్నం పెట్టట్లేదా" అని కంగారుపడేవాళ్ళు. అప్పుడు సన్నగా ఉన్న కోడలు మాట పడింది, ఇప్పుడు మీరు పడుతున్నారు. కోడలి ఒంటి మీద మాట్లాడే హక్కు అందరికీ ఉందనే అలవాటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మీ ఒంటిని ప్రేమించమని నేను చెప్పను. అసహ్యం నుంచి ప్రేమకి ఒక్క దూకులో వెళ్ళమంటే అది ఇంకో పరీక్ష, అందులోనూ తప్పామని బాధపడతారు. అసహ్యం లేకుండా ఉండటం చాలు. కొంతమందికి దానికి రాయడం పనికొచ్చింది. నెదర్లాండ్స్‌లో తమ ఒంటి మీద అసంతృప్తి ఉన్న యువతులతో, తమ శరీరం ఎలా కనపడుతుందో కాక ఏమేం చేయగలదో కొన్ని విడతలుగా రాయించి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్ళ తృప్తి పెరిగింది. మీ నోటుబుక్కు చివరి పేజీలో ప్రయత్నించండి. "నా కళ్ళు అందమైనవి" లాంటివి వద్దు. కాజా కుట్టే వేళ్ళు, గుడ్డని ముట్టుకుని సిల్కో పాలిస్టరో చెప్పే చెయ్యి, జ్వరమొచ్చిన బాబుని రాత్రంతా మోసిన భుజం. ఇలాంటివి. కొందరికి ఇది కృత్రిమంగా అనిపిస్తుంది. అనిపిస్తే మానేయండి, ఏం నష్టం లేదు.

దానికంటే మీ చేతిలో ఉన్న పని ఇంకోటుంది. మీ బీరువాలో "తగ్గాక వేసుకుందాం" అని దాచిన జాకెట్లు ఉన్నాయన్నారు, రోజంతా నైటీలోనే ఉంటున్నారన్నారు. ఇప్పటి ఒంటికి సరిపోయే జాకెట్లు మీకు మీరే కుట్టుకోండి. చంకల్లో పట్టేసే జాకెట్టు ప్రతి గంటకీ "నువ్వు లావు" అని గిల్లి చెబుతూ ఉంటుంది. సరిపోయేది వేసుకుంటే ఒళ్ళు మన ధ్యాసలోంచి తప్పుకుంటుంది. కొలత మీరే తీసుకోవచ్చు, అప్పుడు ఎవరికీ తెలియదు గానీ చెయ్యి వణుకుతుంది, ఒక అంగుళం తగ్గించి రాసుకునే ప్రమాదమూ ఉంది. పని నేర్చుకునే అమ్మాయితో తీయించుకుంటే మొదట సిగ్గేస్తుంది, కానీ టేపు మామూలు టేపైపోతుంది. అంకె చూసిన రోజు బాధ కలగొచ్చు, కలగనివ్వండి. పాత జాకెట్లు పారేయక్కర్లేదు. కంటికి కనపడని పెట్టెలోకి మార్చండి.

ఆయన గురించి. "ఫోను కొంచెం దూరం పెట్టవే, నీ మొహం మొత్తం కనపడట్లేదు" అన్న మాట మీకు తనిఖీలా వినపడింది. నాకు మాత్రం ఎడారిలో బండి నడుపుకుంటూ వారమంతా శుక్రవారం కోసం ఎదురుచూసి, తీరా ఆ రోజు సగం మొహమే చూస్తున్న మనిషి మాటలా వినపడింది. మీరు రాసినదాంట్లో ఆయన మిమ్మల్ని కించపరిచిన మాట ఒక్కటి కూడా లేదు. అత్తగారి మాటలు, ఆడపడుచు మాటలు కలిపి ఆయన గొంతుతో మీకు మీరే చెప్పుకుంటున్నారు. అయినా ఆయన మనసులో ఏముందో నాకూ తెలియదు.

మీరు మూడు రకాలుగా నడుచుకోవచ్చు. ఇప్పట్లాగే దాస్తూ వచ్చి, వచ్చిన రోజు చూసుకుందాం అనుకోవచ్చు. అలా చేస్తే సంక్రాంతిదాకా రోజూ ఈ భయమే, ఆ భయంతోనే ఉపవాసాలు. ఆయనకి నిజంగా ఆశ్చర్యమేస్తే, పదిమంది మధ్య ఆయన మొహంలో అర సెకను కనపడినదాన్ని మీరు రెండు నెలలు మోస్తారు. రెండో దారి, వచ్చే శుక్రవారమే ఫోను దూరంగా బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా మిషను దగ్గర కూర్చుని మాట్లాడటం. మాటల్లో పెట్టడం కష్టమైనవాళ్ళకి ఇది తేలిక. ఆయన ఏదైనా అంటారు, అనకపోవచ్చు. ఏదైనా సరే, మధ్యలో సముద్రం ఉండగానే అయిపోతుంది. మూడోది, చెప్పేయడం. వాయిస్ మెసేజ్ పెట్టండి, ఎదురుగా మొహం ఉండదు: "బాబు పుట్టాక నేను బాగా లావయ్యాను. నువ్వు చూస్తావేమోనని ఇన్నాళ్ళూ ఫోను దగ్గరగా పెట్టి మాట్లాడాను. నాకు చాలా బాధగా ఉంది. నువ్వొచ్చాక ఎవరైనా నా ఒంటి మీద మాట అంటే నువ్వు నా పక్కనుండాలి." నాకు ఇదే మంచిదనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో మీరు ఆయన్ని ఒక సాయం అడుగుతున్నారు. తీర్పు చెప్పమనడం లేదు. ఆయన నొచ్చుకునేలా ఏమైనా అంటే బాధే, అబద్ధం చెప్పను. కానీ అప్పుడు మాట్లాడుకోవాల్సింది ఆ మాట గురించి. మీ బరువు గురించి కాదు. ఒక సంగతి మరచిపోకండి, మూడున్నరేళ్ళలో ఆయన ఒళ్ళు కూడా మారి ఉంటుంది. పొట్ట వచ్చిందేమో, జుట్టు పలచబడిందేమో. ఆయనకీ ఎయిర్‌పోర్టులో దిగేముందు ఒక బెరుకు ఉండే ఉంటుంది.

అత్తగారితో ఒకే ఇంట్లో ఉండాలి కాబట్టి ఆమె అన్నప్పుడల్లా తిరిగి అనమని చెప్పను. ఒకసారి ఆమె ఒక్కరే ఉన్నప్పుడు, కోపం లేని సమయం చూసి "అత్తయ్యా, ఆ అక్కలా ఉన్నావనే మాట వద్దండీ. పాప వింటోంది, తిండి మానేస్తోంది" అనండి. మీ కోసం అడిగితే ఆమె కొట్టిపారేయవచ్చు, మనవరాలి పేరు చెబితే చాలామంది నాయనమ్మలు ఆగుతారు. ఆగకపోతే, ఆ మాట వచ్చిన ప్రతిసారీ మీరు లేచి వేరే పనిలోకి వెళ్ళిపోండి. ఆడపడుచు సంగతి వేరు. ఆమె నలుగురిలో అంది కాబట్టి నలుగురిలోనే "ఆ మాట నాకు నచ్చలేదు" అనే హక్కు మీకుంది. అంటే ఆ పూట వాతావరణం చెడుతుంది, "హాస్యానికంటే ఇంత కోపమా" అంటారు. అనకపోతే మీరు మళ్ళీ నవ్వాల్సి వస్తుంది. ఏది భరించగలరో మీరే తూచుకోండి. కనీసం ఆ నవ్వు మాత్రం నవ్వకండి.

పాప విషయం ఎక్కువ రోజులు వాయిదా వేయకండి. తొమ్మిదేళ్ళ వయసు నుంచి పెద్దమనిషి అయ్యేదాకా ఆడపిల్లల ఒంట్లో కొవ్వు పెరగడం సహజం, ఎదుగుదలకి అది కావాలి. సరిగ్గా ఈ సమయంలో ఇడ్లీలు లెక్కపెట్టుకోవడం మొదలుపెడితే ఎముకలూ రక్తమూ దెబ్బతింటాయి. "నువ్వెక్కడ లావే, పిచ్చిదానా" అని మీరు అన్నారట. ప్రేమతోనే అన్నారు. కానీ దాంట్లో పాపకి వినపడేది, లావు అవడం భయపడాల్సిన విషయమనే. దానికి బదులు "లావైతే ఏమవుతుందనిపిస్తోంది నీకు?" అని అడిగి, చెప్పింది వినండి. స్కూల్లో ఎవరో ఏదో అని ఉండొచ్చు, లేదా అద్దానికి కప్పిన దుప్పటి గురించే అడగొచ్చు. అడిగితే నిజం చెప్పండి: "అమ్మకి తన ఒళ్ళు చూసుకుంటే బాధేసేది, అది పోగొట్టుకోవడానికి డాక్టరు దగ్గరికెళ్తోంది" అని. పాప ముందు మీ ఒంటిని తిట్టుకోవడం ఆపండి, పక్కింటావిడ ఒంటి గురించి మాట్లాడటం కూడా. పొద్దున్న పాప పక్కన కూర్చుని మీరూ ఇడ్లీ తినండి, మీ పళ్ళెంలో ఎన్ని పెట్టుకున్నారో పాప తప్పకుండా చూస్తుంది. పాప ఎదుగుదల మీద మీకు నిజంగా అనుమానముంటే పిల్లల డాక్టరుకు చూపించి ఎత్తు, బరువు కొలిపించండి, ఆ అంకె గురించి ఇంట్లో పాప వినేలా ఎవరూ మాట్లాడకుండా చూసుకోండి. పాప ఇంకా తిండి తగ్గిస్తూనే ఉంటే, మీరు వెళ్ళే డాక్టరు దగ్గరికే పాపని కూడా తీసుకెళ్ళండి.